మెరిసే రంగుల మీద పీహెచ్‌డీ.. ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఎవరో ప్రొఫెసర్ ఉపన్యాసం విన్నప్పటి నుంచి ‘హోస్ట్-గెస్ట్ కాంప్లెక్సులు, ఫ్లోరోసెంట్ డైలు’ అంటూ అందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. దీనికి ఉద్యోగాలుంటాయా సార్?

జవాబు: టెన్షన్ పడకండి, మీ అమ్మాయి పట్టుకున్నది గాలివాటు సబ్జెక్టేమీ కాదు. కణంలో ఏం జరుగుతోందో మైక్రోస్కోపులో చూడాలంటే వెలిగే రంగు కావాలి. రోడమిన్ లాంటి రంగులు బాగానే వెలుగుతాయి గానీ, లేజర్ కింద కాసేపటికే వెలవెలబోతాయి. అలాంటి అణువును లోపల ఖాళీ ఉన్న పెద్ద అణువులో కూర్చోబెడితే ఎక్కువసేపు నిలుస్తుంది. పిండిపదార్థం నుంచి తీసే సైక్లోడెక్స్‌ట్రిన్లు, గుమ్మడికాయ ఆకారంలో ఉండే కుకుర్బిటురిల్స్ ఇలా చోటిచ్చే అణువులే. చోటిచ్చేది ‘హోస్ట్’, లోపల కూర్చునేది ‘గెస్ట్’. ఈ తరహా కెమిస్ట్రీకి 1987లోనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది.

ల్యాబులో పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి తెలియాలి. క్యువెట్ అనే చిన్న పారదర్శక పాత్రలో పలచటి రంగు ద్రావణం పోసి, హోస్ట్‌ను మైక్రోపిపెట్‌తో కొద్దికొద్దిగా కలుపుతూ ప్రతిసారీ స్పెక్ట్రం (ఏ రంగు వెలుగు ఎంత వస్తోందో చూపే గ్రాఫ్) తీస్తారు. వెలుగు పెరుగుతూ పోయి ఒకచోట ఆగిపోతుంది. ఆ పెరిగిన తీరును బట్టి బంధం ఎంత గట్టిదో లెక్కగడతారు. మళ్లీ పీహెచ్ (ద్రావణం ఆమ్లత్వం) మార్చి, ఉప్పు మార్చి అదే పని, నెలల తరబడి. తీరా కణంలోకి పంపితే అక్కడి లవణాలో, ప్రొటీన్లో రంగును బయటికి నెట్టేయొచ్చు. ఉపన్యాసాల్లో ఈ భాగం చెప్పరు.

‘హోస్ట్-గెస్ట్ డై నిపుణులు కావలెను’ అని ప్రకటన ఎక్కడా రాదు. ఉద్యోగం ఇచ్చేది టాపిక్ కాదు, దాంతో చేతికొచ్చే పని. కోవిడ్ రోజుల్లో జనం పరుగులు పెట్టిన రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్‌లో మందును కరిగించి ఉంచింది మార్పు చేసిన బీటా సైక్లోడెక్స్‌ట్రినే. ఆపరేషన్ తర్వాత మత్తు డాక్టర్లు ఇచ్చే సుగమ్మాడెక్స్‌లో అయితే హోస్టే మందు. కండరాలను సడలించిన రోక్యురోనియం అనే మందును పట్టి తనలో బంధిస్తుంది. కాబట్టి హైదరాబాద్ ఫార్మా కంపెనీల ఫార్ములేషన్, అనలిటికల్ విభాగాలకు ఈ చదువు పరాయిది కాదు.

అయితే పీహెచ్‌డీ టాపిక్ ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ముందు మంచి చోట ఎంఎస్సీ. ఐఐటీల కోసం జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. ఎంఎస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ దాదాపు ఐదేళ్లు.. స్థిరపడేసరికి ముప్ఫైకి దగ్గరవుతుంది. పెళ్లి మాటతో సహా ఇదంతా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. డబ్బు తొందర ఉంటే ఎంఎస్సీ తర్వాత ఉద్యోగంలో చేరినా తప్పులేదు.

ఈ రంగంలో అణువులు తయారుచేసేవాళ్లు వేరు, వెలుగు కొలిచేవాళ్లు వేరు, కణాల్లో పెట్టి చూసేవాళ్లు వేరు. తనకు ఏ పని నచ్చుతుందో వేసవి ప్రాజెక్టులో తెలిసిపోతుంది. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. వెళ్లిన చోట పీహెచ్‌డీ విద్యార్థులతో క్యాంటీన్‌లో కూర్చుని, గైడ్ ఎలాంటివారో, ఇమేజింగ్ ఎవరి మైక్రోస్కోపు మీద చేస్తారో అడగమనండి. కణాలు పెంచే సదుపాయం సొంతంగా లేని ల్యాబులో చేరితే, థీసిస్ పక్క ల్యాబు వాళ్ల తీరికను బట్టి నడుస్తుంది.