కంపెనీ కలిసిపోతోంది, మా మెషిన్ సంగతేంటి?

ప్రశ్న: తెనాలిలో చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్ నడుపుతున్నాను. నేనూ, మా ఆవిడా, ఒక కుర్రాడూ పనిచేస్తాం. రెండేళ్ల కిందట ఒక కంపెనీ దగ్గర రక్తపరీక్షలు చేసే బయోకెమిస్ట్రీ ఎనలైజర్, రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేర్ కలిపి 9 లక్షలకు కొన్నాను. సాఫ్ట్‌వేర్‌కు 'లైఫ్‌టైమ్ లైసెన్స్' అన్నారు. ఏటా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు కడుతున్నాను. ఇప్పుడు ఆ కంపెనీ ఇంకో పెద్ద కంపెనీలో విలీనమవుతోందట. వాళ్లకు ఇలాంటి మెషినే సొంతంగా ఉంది. సర్వీసుకొచ్చే ఇంజనీరు 'మీ మోడల్ ఆపేస్తారండీ, ఇప్పుడే ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి' అంటున్నాడు. ఈఎంఐ ఇంకా తీరలేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. విలీనాన్ని ఆపమని కోర్టుకు వెళ్లొచ్చా? మా మెషిన్ ఏమవుతుంది?

జవాబు: విలీనాన్ని మీరు ఆపలేరు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. విలీన పథకానికి అభ్యంతరం చెప్పాలంటే 2013 కంపెనీల చట్టం సెక్షన్ 230 ప్రకారం కంపెనీలో కనీసం 10 శాతం వాటా ఉండాలి, లేదా ఆ కంపెనీ బాకీల్లో కనీసం 5 శాతం మీకు రావాల్సి ఉండాలి. మెషిన్ కొన్నవారికి అందులో చోటు లేదు. పెద్ద డీల్ అయి, పోటీ దెబ్బతింటుందన్న అనుమానం వస్తే కాంపిటీషన్ కమిషన్ లోతుగా విచారించి జనం అభిప్రాయాలు కూడా అడుగుతుంది. చాలా డీల్స్ అంతదాకా రావు.

ఇక మెషిన్ సంగతి. ఏ మోడల్ ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు. పాత విలీనాలు చూసి ఊహించాల్సిందే. 2002లో హెచ్‌పీ, కాంపాక్ కలిసినప్పుడు రెండింటికీ చేతిలో పట్టుకునే చిన్న కంప్యూటర్లు ఉండేవి, హెచ్‌పీది జోర్నాడా, కాంపాక్‌ది ఐపాక్. రెండూ కలిపి మూడోది చేద్దామని కూర్చోలేదు. ఒకటి ఎంచుకున్నారు, రెండోది వదిలేశారు. పోయింది కొన్న కంపెనీ సరుకే, జోర్నాడా. కాబట్టి పెద్ద కంపెనీదే మిగులుతుందని ముందే అనుకోకండి.

రెండో కథ మన డీటీపీ వాళ్లందరికీ తెలిసినదే, తెలియనిది దాని వెనక జరిగింది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఆల్డస్ కంపెనీని 1994లో అడోబీ కొనేసింది. ఆల్డస్ అమ్ముతున్న ఫ్రీహ్యాండ్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ అడోబీ ఇలస్ట్రేటర్‌కు నేరుగా పోటీ. రెండూ ఒకే చేతిలో ఉండకూడదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడి, ఫ్రీహ్యాండ్‌ను దాని అసలు తయారీదారు ఆల్ట్‌సిస్‌కు తిరిగి ఇప్పించింది. ఆల్ట్‌సిస్‌ను మాక్రోమీడియా కొంది. 2005లో ఆ మాక్రోమీడియానే అడోబీ కొంది. 2007లో ఇక ఫ్రీహ్యాండ్‌కు కొత్త వెర్షన్ రాదని తేల్చేశారు. దాన్నే నమ్ముకున్న డిజైనర్లు 2011లో కాలిఫోర్నియాలో కేసు వేశారు, మరుసటి ఏడాది రాజీ అయింది. ఫ్రీహ్యాండ్ మాత్రం తిరిగి రాలేదు. పేజ్‌మేకర్‌కూ 2001లో వచ్చిన 7.0 వెర్షనే ఆఖరు, అడోబీ సొంత ఇన్‌డిజైన్ ముందుకొచ్చింది.

అయినా శుభలేఖల సీజన్‌లో ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. మూలన పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో అదే పేజ్‌మేకర్, అవే అను ఫాంట్లు కనబడొచ్చు. కంపెనీ వదిలేసినా అది నడుస్తోందంటే కారణం చిన్నది. సీరియల్ నంబరు ఒకసారి కొడితే చాలు, తెరిచినప్పుడల్లా కంపెనీ సర్వర్‌ను అడగదు. మీరు ముందు చూసుకోవాల్సింది ఇదే. మీ సాఫ్ట్‌వేర్ ఎలా తెరుచుకుంటోంది? యూఎస్‌బీకి పెట్టిన డాంగిల్‌తోనా (తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం), ఇంటర్నెట్‌లో లాగిన్ అయితేనా? డాంగిల్ అయితే అది పాడయ్యే వరకు మీకు ఢోకా లేదు. లాగిన్ అయితే వాళ్లు సర్వర్ ఆపిన రోజే మీ లైఫ్‌టైమ్ లైసెన్స్‌కు లైఫ్ అయిపోతుంది.

నా అంచనా చెబుతాను, దీనికి గ్యారంటీ అడగకండి. మెషిన్ కంటే ముందు పోయేది సాఫ్ట్‌వేరే. ఎనలైజర్ కంపెనీకి అసలు ఆదాయం మీరు నెలనెలా కొనే రియేజెంట్ల (పరీక్షలకు వాడే రసాయనాల) మీద. ఫీల్డ్‌లో నడుస్తున్న మెషిన్లను ఒక్కసారిగా ఆపితే ఆ బేరం తెగిపోతుంది. అందుకని ముందు అమ్మకం ఆపుతారు, సర్వీసు ఇంకొన్నాళ్లు సాగదీస్తారు. అమ్మకం ఆపడం, సర్వీసు ఆపడం రెండు వేర్వేరు సంగతులు. మీ ఇంజనీరు రెండూ కలిపేసి భయపెడుతున్నాడు. ఆయనకూ టార్గెట్లు ఉంటాయి లెండి.

ఇప్పుడు చట్టం మీకు ఏమిస్తుందో చూద్దాం. కంపెనీల కేసులు చూసే ట్రైబ్యునల్ ఉత్తర్వుతో జరిగే విలీనమైతే సెక్షన్ 232 కింద పాత కంపెనీ ఆస్తులతో పాటు బాధ్యతలూ కొత్త కంపెనీకి వెళ్తాయి. పథకం కాగితంలో సాధారణంగా ఒక క్లాజు ఉంటుంది, పాత కంపెనీ చేసుకున్న ఒప్పందాలన్నీ కొత్త కంపెనీ తనే చేసుకున్నట్టు అమలవుతాయని. మీ వారంటీ, ఏఎంసీ, లైసెన్స్ దాని కిందికి వస్తాయి. వాటాలు మాత్రమే చేతులు మారితే మీ కంపెనీ అదే, యజమానులే మారారు. చిక్కల్లా మూడో రకంతో. వ్యాపారాన్ని విడిగా అమ్మేస్తే కొన్నవాడు తనకు కావలసినవే తీసుకుంటాడు, మీ ఏఎంసీ ఖాళీ డొల్ల కంపెనీలో మిగిలిపోవచ్చు.

ఏ రకమో తెలుసుకోవడానికి నాలాంటి లాయర్లకు ఫీజు కట్టనక్కర్లేదు. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి జీఎస్‌టీ నంబర్లు చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, ఆంధ్రకు 37. ఆ తరువాతి పది అక్షరాలు కంపెనీ పాన్. పాన్ మారలేదంటే అదే కంపెనీ. మారిందంటే మీతో లావాదేవీ చేస్తున్నది వేరే మనిషి, చట్టం లెక్కలో. ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన కేసులో నాకు పనికొచ్చింది ఇదే. 'పాత ఒప్పందంతో మాకు సంబంధం లేదు' అన్న కొత్త కంపెనీయే తన పాన్‌తో ఆయనకు ఏఎంసీ బిల్లు పంపి డబ్బు తీసుకుంది. ఆ ఒక్క బిల్లు చూపించాక వాళ్ల లాయరు గొంతు తగ్గింది.

అయితే కొత్త కంపెనీకి వచ్చేవి మీ కాగితంలో ఉన్న బాధ్యతలే. అమ్మేటప్పుడు సేల్స్ అబ్బాయి నోటితో చెప్పిన 'పదేళ్లు చూసుకుంటాం సార్' లాంటివి నిరూపించడం కష్టం. రాత ఉంటే ఎంత బలమో చూడండి. సన్ కంపెనీని కొని సొంత సర్వర్లు అమ్మడం మొదలుపెట్టిన ఒరాకిల్, 2011లో ఐటానియం అనే చిప్‌తో నడిచే హెచ్‌పీ సర్వర్లకు ఇక సాఫ్ట్‌వేర్ చేయనంది. అంతకు ముందు ఏడాది ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందంలోని ఒక్క పేరా పట్టుకుని హెచ్‌పీ కోర్టుకెళ్లింది. చేసి తీరాలని 2012లో కాలిఫోర్నియా జడ్జి తీర్పిచ్చారు. 2016లో జ్యూరీ 300 కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది.

మీ 'లైఫ్‌టైమ్' విషయానికొస్తే, లైసెన్స్ కాగితంలో ఆ మాటకు అర్థం ఏం రాశారో వెతకండి. చాలాచోట్ల అది మీ జీవితకాలం కాదు, ప్రొడక్టు జీవితకాలం. శాశ్వత లైసెన్స్ అంటే ఉన్న వెర్షన్‌ను వాడుకునే హక్కే, కొత్త వెర్షన్లు వస్తాయని కాదు. 2023 నవంబరులో వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొన్న బ్రాడ్‌కామ్ డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకమే ఆపేసి చందా పద్ధతికి మారింది. పాత లైసెన్సులు చెల్లకుండా పోలేదు, వాటికి సపోర్టు దొరకడమే కష్టమైంది. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రాంకు బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు, ఆ పని ఈ వారమే చేయండి. పేషెంట్ల రిపోర్టులు కూడా ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైళ్లుగా బయటికి తీసి పెట్టుకోండి.

తరువాత కంపెనీకి ఒక ఉత్తరం. లాయర్ నోటీసు అక్కర్లేదు, ఇలా మీరే రాయండి: 'మా ఎనలైజర్ సీరియల్ నంబరు ఫలానా, ఏఎంసీ తేదీ ఫలానా. విలీనం తరువాత వీటి బాధ్యత ఎవరిది? సర్వీసు, స్పేర్లు, రియేజెంట్లు ఏ తేదీ వరకు ఇస్తారు? లైసెన్స్ సర్వర్ మారినా ఆపినా ఉచితంగా కొత్త కీ ఇస్తారా? 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు.' ఈమెయిల్ పెట్టి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో విలీనమైపోయింది కదా! ఇంజనీరుకూ వాట్సాప్‌లో 'ఏ తేదీ నుంచి ఆపేస్తారు?' అని ఒక మెసేజ్ పెట్టండి. నోటితో గట్టిగా చెప్పేవాళ్లు రాయమంటే వెనకాడతారు.

ఒప్పుకున్న సర్వీసు ఇవ్వకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు చెల్లించింది 50 లక్షల లోపే కాబట్టి అక్కడే వేయాలి. సేవ నిరాకరించిన రోజు నుంచి 2 ఏళ్లు గడువు. 'మీది వ్యాపారం, మీరు వినియోగదారు కారు' అని వాళ్లు వాదిస్తారు. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 2019 చట్టమే చెబుతోంది. భార్యాభర్తలు, ఒక కుర్రాడు నడిపే ల్యాబ్‌కు ఆ మినహాయింపు నప్పుతుంది. ఫిర్యాదులో ఆ సంగతి మొదటి పేజీలోనే రాయండి. ఒప్పందంలో ముంబయిలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉన్నా ఫిర్యాదుకు అది అడ్డం కాదు.

ఇక ఎక్స్ఛేంజ్. రేటు నచ్చితే తీసుకోండి, తప్పేం లేదు. కాకపోతే ఆ ఫారం కింద చిన్న అక్షరాల్లో 'పాత మెషిన్, సాఫ్ట్‌వేర్ మీద క్లెయిములన్నీ వదులుకుంటున్నాను' అనే లైను ఉంటే, కొత్త మెషిన్‌కు వారంటీ, సాఫ్ట్‌వేర్ కీ చేతికొచ్చేదాకా దాని మీద సంతకం పెట్టకండి.