ఐదు నక్షత్రాలు చూసి మాత్ర మింగొచ్చా?

ప్రశ్న: నా స్నేహితుడు డార్క్‌వెబ్‌లో, అంటే ప్రత్యేక బ్రౌజర్‌తోనే తెరుచుకునే చాటు ఇంటర్నెట్‌లో, మత్తు మాత్రలు తెప్పించుకుంటాడు. వీధిలో ఎవడో చేతిలో పెట్టేదానికన్నా ఇదే నయమట, అమ్మేవాడికి వందల రివ్యూలు, అన్నీ ఐదు నక్షత్రాలేనట. వద్దంటే నవ్వుతాడు. అతని మాటలో నిజముందా?

జవాబు: కొంచెం ఉంది. స్పెయిన్‌లో ఎనర్జీ కంట్రోల్ అనే సంస్థ, ఇలాంటి చోట కొన్నవాళ్లు పంపిన 219 శాంపిల్స్‌ని ల్యాబ్‌లో చూస్తే పదింట తొమ్మిదింటిలో అమ్మినవాడు చెప్పిన సరుకే ఉంది, 2016లో ఆ లెక్క అచ్చయింది కూడా. కానీ చెప్పింది ఉండటం వేరు, చెప్పనిది లేకపోవడం వేరు. వాటిలోనే కొకైన్ శాంపిల్స్ చాలావాటిలో లెవామిసోల్ కలిసింది. అది పశువులకు నులిపురుగులు పోవడానికి వేసే మందు, మనిషిలో తెల్ల రక్తకణాలను పడగొట్టగలదు.

ఇక రివ్యూలంటారా, అవి రాసేవాడికి తెలిసేది పార్సిల్ టైముకి వచ్చిందా, మత్తెక్కిందా అన్నంతవరకే. పైగా నమ్మకం సంగతి చూడండి: 2015 మార్చిలో ఎవల్యూషన్ అనే డార్క్‌వెబ్ మార్కెట్ నడిపినవాళ్లు జనం డబ్బుతో రాత్రికి రాత్రి మాయమయ్యారు, 2017లో హన్సా అనే మార్కెట్‌ని దాదాపు నెలపాటు గుట్టుగా నడిపింది డచ్ పోలీసులే!

అసలు భయం నకిలీ మాత్రలతో. ఒకవైపు ఎం, ఇంకోవైపు 30 అచ్చు వేసిన నీలం మాత్ర చూడటానికి ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్రలాగే ఉంటుంది, నకిలీదైతే లోపల ఉండేది ఫెంటనిల్, అంటే నల్లమందు తరహాలో పనిచేసే చాలా ఘాటైన నొప్పి మందు. అది 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి, అంటే వేలి కొసకి అంటుకునే పది పదిహేను ఉప్పురవ్వలంత. అంత తక్కువ పొడిని బోలెడంత పిండిలో సమంగా కలపడం ఏ గదిలోనో కూర్చుని చేసేవాడి వల్ల కాదు, కాబట్టి ఒకే ప్యాకెట్‌లో ఒక మాత్రలో ఏమీ ఉండదు, పక్కదాంట్లో రెండింతలు పడుతుంది. నిన్న ఏమీ కాలేదు కదా అనేది ఇక్కడ లెక్కకే రాదు. ఫెంటనిల్ ఉందో లేదో చూపే పరీక్ష స్ట్రిప్ ఉంటే కొంత మేలే గానీ అది ఎంత ఉందో చెప్పదు, ఈమధ్య వస్తున్న నిటాజీన్లు అనే అలాంటి ఘాటైన మందులను పట్టుకోదు.

అతను మానకపోతే ఒంటరిగా మాత్రం వేసుకోవద్దనండి. పిలిచినా కదిపినా లేవకుండా, గురకలాంటి ఊపిరి తీస్తూ, పెదాలు నీలంగా మారితే ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఈ మత్తుకు విరుగుడైన నలోక్సోన్ దొరికితే వెంటనే ఇవ్వండి. దాని పని 30 నుంచి 90 నిమిషాలే, లోపలి మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు, కాబట్టి లేచి కూర్చున్నాడు కదా అని వదిలేసి వెళ్లకండి.