ఆండ్రూ ఆవు ఈనింది

"ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ప్రతి పాత పబ్‌కీ ఒక స్మగ్లర్ కథ చెబుతారు. నిజంగా జరిగినవేనా, టూరిస్టుల కోసం అల్లినవా?" అని అడిగారు. నేను ఎక్కువసార్లు వెళ్ళింది ఒక్క పబ్‌కే. దాని సంగతి చెబుతాను, మిగతావాటిని మీరే బేరీజు వేసుకోవచ్చు.

మాస్టర్స్ చదవడానికి ఈశాన్య ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరో వచ్చాను. ఇక్కడ మన తెలుగు పిల్లలు బోలెడంతమంది. సెలవు రోజున చేతిలో పెద్దగా డబ్బుల్లేకుండా ఎక్కడికైనా వెళ్ళాలంటే అందరూ చెప్పే మాట ఒకటే: సాల్ట్‌బర్న్. రైలెక్కితే అరగంట లోపే, లైన్లో చివరి స్టేషన్. స్టేషన్ కొండమీద ఉంటుంది, సముద్రం కింద. 1884 నుంచి నీళ్ళ బరువుతో నడిచే చిన్న ట్రామ్‌లో దిగి, పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది) దాటి, సముద్రం ఎడమపక్కన ఉండేలా ఓ పది నిమిషాలు నడిస్తే వాగు కలిసే చోట కొండ కింద ఒక తెల్ల భవనం కనిపిస్తుంది. అదే నేను చెప్పిన పబ్, షిప్ ఇన్.

మొదటిసారి వెళ్ళినప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని ఇరవై నిమిషాలు ఎదురుచూశాం, ఎవరో ఒకరు వచ్చి ఆర్డర్ తీసుకుంటారని. ఎవరూ రాలేదు. పబ్‌లో మనమే లేచి కౌంటర్ దగ్గరికి వెళ్ళి చెప్పి డబ్బు కట్టాలని అప్పటిదాకా మాకు తెలియదు. పక్క టేబుల్ పెద్దాయన జాలిపడి చెప్పాడు. ఆ మాటల్లోనే జాన్ ఆండ్రూ పేరు మొదటిసారి విన్నాను.

ఆండ్రూ స్కాట్లండ్ నుంచి వచ్చి 18వ శతాబ్దం చివర్లో ఈ పబ్ నడిపినవాడు. ఇప్పుడున్న ఊరు అప్పటికి లేదు. కింద ఒడ్డున జాలర్ల ఇళ్ళ వరస, మధ్యలో పబ్, అంతే. ఆండ్రూ ఊళ్ళో పెద్దమనిషి, నక్కల వేటకు వెళ్ళే కుక్కల దండుకి నాయకుడు. దాంతోపాటు ఈ తీరంలో దొంగసరుకు వ్యాపారానికి కూడా ఆయనే పెద్ద. రాత్రి ఓడ వచ్చి సరుకు దిగితే ఆ కబురు ఇంటింటికీ ఒకే మాటతో చేరేదట: "ఆండ్రూ ఆవు ఈనింది".

ఈ మాట విన్నప్పుడు నేను గట్టిగా నవ్వాను, పెద్దాయనకి ఎందుకో అర్థం కాలేదు. మన ఊళ్ళలో ఎవరింట్లోనైనా ఆవు ఈనిందంటే జున్నుపాల కోసం ఇరుగూపొరుగూ గిన్నెలు పట్టుకుని వస్తారు కదా. ఇక్కడా వచ్చింది అందుకే, కాకపోతే గిన్నెలో పోసింది జిన్. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరికైనా ఊరి నుంచి ఆవకాయ, గోంగూర పార్సిల్ వస్తే వాట్సాప్ గ్రూప్‌లో పడే మెసేజ్ కూడా అదే.

జిన్, బ్రాందీ, పొగాకు సరే, వీటన్నిటితోపాటు టీ పొడి కూడా దొంగసరుకే. మనం రోజుకి నాలుగుసార్లు తాగే టీ. అప్పట్లో బ్రిటన్‌లోకి టీ తెచ్చే హక్కు ఈస్టిండియా కంపెనీదే, దానిమీద సుంకం ఒక దశలో 119 శాతం దాకా వెళ్ళింది. అదే టీ హాలండ్‌లో చవక. ఇటు యార్క్‌షైర్ తీరం నుంచి చూస్తే సముద్రానికి అవతలి ఒడ్డు హాలండే. ఇక ఎవరు ఊరుకుంటారు? పాదిరీలు కూడా దొంగ టీ కొన్నారని చెబుతారు. 1784లో ప్రభుత్వం సుంకాన్ని ఒక్కసారిగా 12.5 శాతానికి దించేసింది, దాంతో దొంగ టీలో లాభం పోయింది. సారాయి, పొగాకు మీద పన్ను మాత్రం ఇంకా ఎక్కువే. కాబట్టి ఆండ్రూ లాంటివాళ్ళ ఆవు ఈనుతూనే ఉంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మాది బందరు. మనవైపు నుంచి వెళ్ళిన రంగులద్దిన నూలుబట్టలు, ఇప్పుడు మనం కలంకారీ అంటున్నవాటికి ముత్తాతలు, ఇంగ్లండ్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే అక్కడి నేతగాళ్ళు గొడవ చేసి వాటిని నిషేధింపజేశారు. 1721 చట్టంతో అలాంటి బట్ట కట్టుకోవడం, ఇంట్లో తెరలకి వాడడం కూడా తప్పైంది. 1774లో దాన్ని సడలించారు, అదీ బ్రిటన్‌లో తయారైన నూలుబట్టకే. డచ్చివాళ్ళకి మాత్రం బందరులో 17వ శతాబ్దం మొదట్లోనే కోఠీ (వ్యాపార స్థావరం) ఉంది. వాళ్ళు తీసుకెళ్ళిన బట్ట హాలండ్ మీదుగా చాటుగా ఇంగ్లండ్ చేరేది. ఈ పబ్‌లో బందరు బట్ట దాచారని నేను అనను. కానీ ఆ కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ ఆలోచన రాకుండా ఉండదు.

సరే, మీ అసలు ప్రశ్న: నిజం ఎంత, అల్లిక ఎంత? ఆండ్రూ నిజం. చివరికి హార్న్‌సీ దగ్గర సరుకుతో దొరికిపోయి యార్క్‌లో జైలుకి వెళ్ళాడు. కొండమీద ఆయన ఇంటి గుర్రపుశాలలో నేల కింద రహస్యపు గది, పన్ను అధికారులు వస్తే దానిమీదికి కాళ్ళతో తన్నే గుర్రాన్ని తోలేవాళ్ళన్న కథ కూడా నేను నమ్ముతాను, ఎందుకంటే అది ఖర్చులేని ఉపాయం. పబ్ నుంచి కొండమీది ఇంటికి సొరంగం ఉందని చెప్పేది మాత్రం నా బుర్రకి ఎక్కదు. ఇక్కడి కొండలు చాలావరకు బంకమట్టి, పబ్ పక్కనే వాగు. అందులో అంత పొడవున తవ్వి, నీళ్ళు తోడుకుంటూ, పీపాలు దొర్లించుకుంటూ పైకి ఎందుకు? రాత్రిపూట గుర్రం మీద వేసుకుని వెళ్తే పోలా, ఊరంతా తమవాళ్ళే అయినప్పుడు. ప్రతి తీరపు పబ్‌లోనూ ఒక సొరంగం కథ వింటారు. అక్కడ కాస్త ఆగండి.

స్మగ్లింగ్ ఎందుకు ఆగిందో ఈ పబ్‌లు పెద్దగా చెప్పవు. 1815లో నెపోలియన్‌తో యుద్ధం అయిపోయాక నౌకాదళం మనుషులు ఖాళీ అయ్యారు, 1822లో కోస్ట్‌గార్డ్ ఏర్పడింది. కాపలా పెరిగింది. తర్వాత మెల్లగా సుంకాలూ తగ్గాయి.

ఆ తర్వాతే ఇప్పటి సాల్ట్‌బర్న్ పుట్టింది. 1861లో రైలు వచ్చింది. దాన్ని తెచ్చి, కొండమీద కొత్త ఊరు కట్టించింది హెన్రీ పీజ్ అనే వ్యాపారి, క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందినవాడు. వీధులకి రూబీ, ఎమరాల్డ్, పెర్ల్, డైమండ్ అని రత్నాల పేర్లు పెట్టారు. క్వేకర్లకి తాగుడంటే గిట్టదు. అందుకే పై ఊళ్ళో హోటళ్ళు వచ్చాయి గానీ మామూలు పబ్ చాలాకాలం రాలేదు. కొండ కింద పాత పబ్ మాత్రం తన మానాన తాను నడిచింది. నా లెక్కలో ఇది బతికి బట్టకట్టడానికి సగం కారణం ఆ కొత్త ఊరే. గొంతు తడుపుకోవాలనుకున్నవాళ్ళు కొండ దిగాల్సిందే కదా.

పబ్ పక్కనే ఒక బుల్లి రాతి గది ఉంటుంది, చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాలని ఉంచడానికి 1881లో కట్టింది. నాకైతే స్మగ్లర్ కథలకన్నా ఆ గదే ఈ ఊరి గురించి ఎక్కువ చెప్పింది.

ఇంకోటి. "ఫలానా సంవత్సరం నుంచి" అని బోర్డు కనిపిస్తే ఏ లెక్కన అని అడగండి. కట్టడం వయసా, లైసెన్సు వయసా, పేరు వయసా? మూడూ వేరు. ఇక్కణ్ణించి తీరం వెంట కొంచెం తూర్పున స్టెయిత్స్ అనే ఊళ్ళో కాడ్ అండ్ లాబ్‌స్టర్ అనే పబ్ ఉంది. దాన్ని తుఫాన్లు ఒకటికి రెండుసార్లు కూల్చేశాయి, 1953లోనూ బాగా దెబ్బతింది. పేరు పాతదే, గోడలు అంత పాతవి కావు. ఇంగ్లండ్‌లో సారాయి అంగళ్ళకి లైసెన్సులు 1552 చట్టం నుంచి ఉన్నాయి కాబట్టి జిల్లా రికార్డు ఆఫీసుల్లో వెతికితే పబ్ నడిపినవాళ్ళ పేర్లు చాలాచోట్ల దొరుకుతాయి.

వెళ్ళేట్టయితే అలల వేళలు చూసుకుని వెళ్ళండి, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద నడవడం బాగుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ట్రామ్ ఆపేసి ఉంటే కొండ ఎక్కాలి, మెట్లు బాగానే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం టేబుల్ ముందే చెప్పి పెట్టుకోండి.