ఫుట్‌బాల్ జట్టులో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు కౌలుకు తీసుకుని సాగు చేస్తాను. బీకాం రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో ఆటగాళ్ల ఒప్పందాలు, జీతాల పరిమితి చూసే పనిలోకి వెళ్తానంటున్నాడు. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఏం చదివించాలి?

జవాబు: ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి జట్టూ ఆటగాళ్ల మీద ఏడాదికి ఇంతకు మించి లెక్క చూపకూడదన్న జీతాల పరిమితి 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలై, 2025 నాటికి 27.92 కోట్ల డాలర్లకు చేరింది. ఆ హద్దు దాటకుండా ఒప్పందాలు అల్లడమే ఈ పని.

అందులోని కిటుకు మీకు తెలిసిందే. మూడేళ్ల కౌలు ఒకేసారి కట్టినా, పద్దులో దాన్ని మూడేళ్లకూ పంచి రాసుకుంటారు. తెల్లమచ్చ వ్యాధి వచ్చి మొదటి ఏడాదికే చెరువు వదిలేస్తే మిగిలిన కౌలంతా ఆ ఏటి నష్టంలోకే వస్తుంది. అక్కడా అంతే. అయిదేళ్ల ఒప్పందం మీద సంతకం చేసిన ఆటగాడికి 2 కోట్ల డాలర్ల బోనస్ ముందే ఇచ్చినా, పరిమితి లెక్కలో ఏటా 40 లక్షల చొప్పున చూపవచ్చు. గరిష్ఠంగా అయిదేళ్లకే పంచాలి. రెండు సీజన్ల తరువాత, జూన్ 1కి ముందే అతన్ని వదులుకుంటే, మిగిలిన కోటీ 20 లక్షలూ ఆ ఏటి లెక్క మీదే పడతాయి. ఆడని మనిషికి పడే ఆ భారాన్ని వాళ్లు ‘డెడ్ మనీ’ అంటారు. జూన్ 1 తరువాత వదులుకుంటే ఈ ఏడాది 40 లక్షలు, వచ్చే ఏడాది 80 లక్షలు పడతాయి. తేదీని బట్టి లెక్క ఇంతగా మారుతుంది కనుకే జట్లకు ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

ఇక చేదు మాట. జట్లు 32 మాత్రమే, ఉద్యోగాలు కొన్నే, పైగా వీసా ఒక అడ్డంకి. అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని నా సలహా. సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) గానీ, బీకాం తరువాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ గానీ చేయించండి. నా మొగ్గు న్యాయశాస్త్రం వైపే, ఎందుకంటే చిక్కులన్నీ ఒప్పందంలోని వాక్యాల్లోనే ఉంటాయి. అదే చదువు మన దగ్గరా పనికొస్తుంది: ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బులకూ 2024-25 సీజన్‌లో జీతాల పరిమితి ఉంది, ఐపీఎల్ 2025 వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్ల రూపాయలు. ఫిఫా ఏజెంట్ లైసెన్సు మాత్రం మనం కాలితో ఆడే ఫుట్‌బాల్‌కు సంబంధించినది. అమెరికన్ ఆటకు చెల్లదు. డబ్బు కట్టించుకునే శిక్షణ సంస్థలు ఈ తేడా చెప్పకపోవచ్చు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య 2020లో కుదిరిన ఒప్పందం ఉచితంగానే దొరుకుతుంది. ఈ సెలవుల్లో అబ్బాయిని అది చదివి, ఒక జట్టు మూడేళ్ల లెక్కను ఎక్సెల్‌లో వేయమనండి. దాంతోపాటు మీ చెరువుల కౌలు పుస్తకం కూడా చేతికివ్వండి. ఆ రెండు లెక్కలూ విసుక్కోకుండా పూర్తి చేస్తే, బీకాం చివరి ఏడాదిలో ఎల్‌ఎల్‌బీ ప్రవేశ పరీక్ష లాసెట్‌కు దరఖాస్తు చేయించండి.