మందుల ఖర్చు తగ్గిస్తానన్న మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే నెల నుంచి ఇంట్లో అందరి మందులూ నువ్వే కొంటానన్నావట, బిల్లు సగానికి సగం తగ్గించి చూపిస్తానన్నావట. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే ఇంటి బరువు ఎత్తుకున్నావని ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ వెంటనే వాడు ఇంకో మాటన్నాడు. "మా వీధి చివర షాపతను ఎలాగూ తక్కువకే ఇస్తాడక్కా, కాళ్ళ నొప్పులకి కూడా అతనే ఏదో కట్టిస్తున్నాడు" అన్నాడు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే కేకలేస్తాను, నువ్వు భయపడతావు. అందుకే రాస్తున్నాను.

ముందు సులువైనవి చెప్పేస్తాను. ఇంట్లో ఉన్న ప్రతి షీటూ తీసి, బ్రాండు పేరుతో పాటు ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకో. మీ నాన్న బీపీ బిళ్ళ టెల్మిసార్టాన్ 40, షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్. ఆ కాగితం డాక్టరుకు చూపించి, చీటీ కూడా ఆ పేర్లతోనే రాయమని అడుగు. బ్రాండు పేరు లేని మందులు చౌకగా అమ్మే ప్రభుత్వ పథకం దుకాణాలే జన ఔషధి కేంద్రాలు. గాజువాకలో మీకు ఏ కేంద్రం దగ్గరో, ఏ మందు ఎంతో జన ఔషధి సుగమ్ యాప్‌లో దొరుకుతుంది. బ్రాండు ధర మీద సగం నుంచి 80 శాతం దాకా తగ్గుతుంది. చౌక మందు పనిచేయదేమో అని మీ అమ్మ అంటుంది, పట్టించుకోకు. నా సర్వీసంతా ప్రభుత్వాసుపత్రి మందుల కిటికీ వెనకే గడిచింది. బ్రాండు పేరు లేని మందులతోనే ఎన్ని వేలమంది బీపీలు అదుపులోకి వచ్చాయో నా కళ్ళతో చూశాను. బీపీకి, షుగరుకి మీ పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు, అదీ కనుక్కో. అక్కడ లైన్లో నిలబడటానికి నామోషీ పడొద్దని మీ నాన్నకి నా మాటగా చెప్పు.

మందు పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉంటే ఆ అక్షరాలు కూడా కలవాలి. అవి రోజంతా మెల్లగా కరగాల్సిన బిళ్ళలు. వాటిని విరిచి గానీ, నూరి గానీ వేసుకుంటే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

'20 శాతం తగ్గింపు' బోర్డు చూసి లోపలికి వెళ్ళిపోకు. కొన్ని జనరిక్ మందుల మీద ఎంఆర్పీయే ఎక్కువగా అచ్చువేస్తారు. దాని మీద సగం తగ్గించినా షాపుకి మిగులుతుంది. తగ్గింపు ఎంత అని కాదు, బిళ్ళ ఒక్కటికి ఎంత పడింది అని లెక్క చూడు. షీటు కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అందుకే నిండు షీటు కొను, తేదీ లేని వైపు నుంచి వాడుకుంటూ రా. బిల్లు అడగడానికి మొహమాటపడకు.

ఇక అసలు విషయం. మీ తాతయ్య గురించి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

మనది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. తెల్లారితే కొబ్బరితోట, పొద్దుగూకితే మోకాళ్ళ నొప్పులు. విశాఖ రా నాన్నా, ఎముకల డాక్టరుకి చూపిద్దాం అంటే, బండి ఖర్చు, ఫీజు, ఎక్స్‌రే అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి వద్దనేవాడు. ఊళ్ళో ఒక షాపులో పొట్లం కట్టేవారు. ఒక తెల్ల బిళ్ళ, ఒక గులాబీ రంగుది, ఒక చిన్న పచ్చది, న్యూస్‌పేపరు ముక్కలో చుట్టి. పేరు లేదు, తేదీ లేదు, చీటీ లేదు. వేసుకున్న గంటకే లేచి తోటకి వెళ్ళేవాడు. నేను సెలవుకి వెళ్ళినప్పుడు నాన్న మొహం నిండుగా, గుండ్రంగా కనిపించింది. ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒళ్ళు చేశాడని సంతోషించారు. మామూలుగా చేసే ఒళ్ళయితే చేతులూ కాళ్ళూ కూడా నిండాలి కదా, అవి పుల్లల్లా ఉన్నాయి. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడినవాళ్ళ మొహం అలాగే ఉంటుంది. గూట్లో వెతికితే ఖాళీ పొట్లాలు దొరికాయి. అడిగితే, "ఇంత తక్కువలో పని జరుగుతుంటే నీకేం బాధే" అన్నాడు.

తర్వాత కాళ్ళు వాచాయి. విశాఖ తీసుకొచ్చి పరీక్షలు చేయిస్తే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అప్పటికే చేయి దాటిపోయింది. డాక్టరు మొదటి ప్రశ్న, "ఇన్నాళ్ళూ ఏం మందులు వాడాడమ్మా?" మందుల మధ్యే బతుకుతున్నదాన్ని, మా నాన్న ఏం మింగాడో చెప్పలేకపోయాను. అందులో నొప్పి మందు డైక్లోఫెనాక్ ఉందా, స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఉందా, రెండూ ఉన్నాయా? ఎంత మోతాదు? ఎవరికీ తెలియదు. ఉద్దానంలో అంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ తేలలేదు. పొట్లాలే నాన్నని తీసుకెళ్ళాయని నేను అనను. కానీ దెబ్బతింటున్న కిడ్నీ మీద అవి రోజూ ఇంకో దెబ్బ వేసే ఉంటాయి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది 2023 డిసెంబర్లో. నాన్న జబ్బుపడిన రోజుల్లో డయాలసిస్‌కి రైలెక్కి విశాఖ రావాల్సిందే. పొట్లాలతో మిగిల్చిన డబ్బు ఆ టికెట్లకే చాల్లేదు. నాన్న చేయి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నడిపించినప్పుడు, ఆ చేయి ఎంత తేలికగా ఉండేదో!

ఇప్పుడు మీ నాన్న కాళ్ళ నొప్పుల దగ్గరికి వద్దాం. మిగతా పనులన్నీ పక్కన పెట్టి, ఆ షాపతను ఏం కట్టిస్తున్నాడో ఈ రోజే చూడు. షీటు ఉందా, మీద పేరు ఉందా, ఎర్ర గీత ఉందా చూడు. ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. బీపీ బిళ్ళ వాడే మనిషి రోజూ నొప్పి బిళ్ళ మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీ నలుగుతుంది. స్టెరాయిడ్ కలిస్తే షుగరు కూడా ఎక్కుతుంది. అయితే కంగారుపడి ఒక్కసారిగా మాన్పించేయకు. చాన్నాళ్ళు స్టెరాయిడ్ మింగిన ఒళ్ళు హఠాత్తుగా ఆపితే తట్టుకోలేదు, డాక్టరే మెల్లగా తగ్గించాలి. క్రియాటినిన్ పరీక్ష మాత్రం చేయించు. ఆ డబ్బు నేనిస్తాను, వద్దనకు.

మీ అమ్మ థైరాయిడ్ బిళ్ళ విషయంలో ఆదా జోలికి పోకు, అదేమంత ఖరీదు కాదు. నెలకో కంపెనీది మారిస్తే మోతాదు అటూ ఇటూ అవుతుంది. ఎప్పుడైనా మార్చాల్సి వస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో అదే ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది, లివర్ పాడయ్యే ప్రమాదం ఉంది. విరేచనాలకి అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు కొనకు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కొను, దాని మీద ఎన్ని నీళ్ళంటే అన్ని నీళ్ళలోనే కలుపు.

ఆఫర్ ఉందని ఆరు నెలల మందులు తెచ్చి పెట్టకు, డాక్టరు మోతాదు మార్చాడంటే అన్నీ వృథా. మన ఊరి ఉక్కకి బాత్రూమ్ అల్మరాలో బిళ్ళలు చెమ్మగిల్లుతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, మీ నానమ్మ ఇన్సులిన్ సీసాని ప్లాస్టిక్ సంచిలో కట్టి, నీళ్ళ కుండకి తడిగుడ్డ చుట్టి అందులో దాచాను. ఉన్నది ఒక్క సీసా కాబట్టి సరిపోయింది. ఫ్రిజ్ నిండా కొని పెట్టుకున్నవాళ్ళు చాలా పారేసుకున్నారు.

అన్నిటికంటే ఎక్కువ మిగిలేది అక్కర్లేని మందు ఆపినప్పుడే. మీ నాన్న గ్యాస్ బిళ్ళ ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నాడో వాడికే గుర్తులేదు. విటమిన్ బిళ్ళలూ అంతే. ఈసారి డాక్టరు దగ్గర ఒక్కో మందూ చూపించి, "ఇది ఇంకా ఎన్నాళ్ళు వాడాలండీ?" అని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. ఒక్కదానివే అడగలేనంటే నాకు ముందురోజు చెప్పు, నేనూ వస్తాను.

మీ అత్త