ఎన్నారై సందేహాలు: రాష్ట్రం ఇచ్చిన గంజాయి కార్డు, ఫెడరల్ ఫారం అడిగే ప్రశ్న

బాబూ,

మీ సందేహం రెండుసార్లు చదివాను. నిరుడు మీకు అమెరికా పౌరసత్వం వచ్చింది. నడుము నొప్పి భరించలేక మేరీల్యాండ్ రాష్ట్రం ఇచ్చే మెడికల్ గంజాయి కార్డు తీసుకుని, నాలుగు నెలలుగా రాత్రిపూట ఒక గమ్మీ (గంజాయి కలిపిన మెత్తని మిఠాయి) వేసుకుని పడుకుంటున్నారు. ఇప్పుడు మీ కంపెనీ సీక్రెట్ స్థాయి క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, కావలసిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ప్రాజెక్టుకు మీ పేరు పంపుతామంటోంది. కార్డు చట్టప్రకారం తీసుకున్నదే కాబట్టి క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో చెప్పనవసరం లేదేమో అని అడిగారు. చెప్పి తీరాలి. గమ్మీలు మానాలి కూడా. ఈ వారమే మీ డాక్టరుతో మాట్లాడి నొప్పికి వేరే దారి చూసుకోండి, కానీ ఫారం మీద సంతకం పెట్టిన తరువాత మాత్రం ఒక్కటి కూడా నోట్లో వేసుకోకండి.

నియమాలు క్లుప్తంగా చెబుతాను, వివరాలు మీరే చదువుకోగలరు. రాష్ట్రం ఇచ్చిన కార్డు రాష్ట్ర చట్టం వరకే పనికొస్తుంది. వైద్యం కోసం ఇంట్లో పెంచుకున్న మొక్కల మీద కూడా ఫెడరల్ చట్టానికే అధికారం ఉందని 2005లో కాలిఫోర్నియాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే డాక్టర్లు గంజాయికి మందుల చీటీ రాయరు, రోగికి అవసరమని ధ్రువీకరించి ఊరుకుంటారు. ఫెడరల్ ఉద్యోగులు డ్యూటీలో ఉన్నా లేకున్నా చట్టవిరుద్ధమైన మత్తుపదార్థాలు వాడరాదని 1986లో అధ్యక్షుడు రీగన్ ఇచ్చిన ఉత్తర్వు ఉంది. క్లియరెన్స్ ఎవరికి ఇవ్వాలో చెప్పే మార్గదర్శకాలు 2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్నాయి. వాటిలో ‘హెచ్’ అనే భాగం మత్తుపదార్థాల గురించి, ‘ఇ’ అనే భాగం నిజాయితీ గురించి. గతంలో గంజాయి వాడినంత మాత్రాన క్లియరెన్స్ రాదని తీర్మానించకూడదని, అయితే ఎస్ఎఫ్-86 ఫారం మీద సంతకం చేసిన రోజు నుంచి మానేయాలని అభ్యర్థులకు చెప్పాలని 2021 డిసెంబరులో జాతీయ నిఘా డైరెక్టరు స్పష్టం చేశారు. గంజాయిని తక్కువ కట్టుబాట్లున్న జాబితాలోకి మార్చాలన్న ప్రతిపాదన 2024 మేలో వచ్చింది. ఆ వార్తలను నమ్ముకుని మాత్రం ఫారం నింపకండి.

ఆ ఫారంలో 23వ విభాగం గడచిన ఏడేళ్లలో మత్తుపదార్థాల వాడకం గురించి అడుగుతుంది. రాష్ట్ర చట్టం అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబు చెప్పాలని అక్కడే రాసి ఉంటుంది. ఆ విభాగంలో నిజం చెబితే ఆ జవాబును తరువాత క్రిమినల్ కేసులో మీ మీద సాక్ష్యంగా వాడరని కూడా అక్కడే ఉంటుంది. మనవాళ్లు మొదటి మాట చదివి భయపడతారు, రెండో మాట దాకా వెళ్లరు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం ఐదేళ్ల దాకా జైలు పడగల నేరం.

ఇక నా సంగతి. నేను 1999లో వచ్చాను, 2012లో పౌరసత్వం తీసుకున్నాను. 2015లో కంపెనీ నన్ను ఆరు నెలల పని మీద కాలిఫోర్నియాలోని శాక్రమెంటో పంపింది. భార్యాపిల్లలు మేరీల్యాండ్‌లోనే ఉన్నారు. వారాల లెక్కన అద్దెకిచ్చే హోటల్లో ఒక గది, ఒక రైస్ కుక్కరు, ఇంటి నుంచి తెచ్చుకున్న మాగాయ సీసా, అంతే నా కాపురం. సాయంత్రం ఆరింటికి గదికి వస్తే మర్నాడు ఎనిమిదింటి దాకా తెలుగులో గాని ఇంగ్లీషులో గాని మాట్లాడడానికి మనిషి లేడు. అప్పుడే నడుము నుంచి కుడికాలు మడమ దాకా లాగే నొప్పి మొదలైంది. నొప్పి పగలు కూడా ఉండేది, కానీ పగలు నలుగురిలో ఉంటాను కనుక ఓర్చుకునేవాణ్ని, రాత్రి ఆ గదిలో అదే నొప్పి రెండింతలయ్యేది. మీరు నొప్పి గురించి ఎంత వివరంగా రాసినా, రాత్రిపూట ఆ నొప్పి ఎవరితో చెప్పుకుంటున్నారో ఒక్క మాట రాయలేదు. నాకు ముందుగా కనిపించినది అదే.

నాతో పనిచేసే ఒకాయనకు అక్కడి మెడికల్ కార్డు ఉండేది. నా నడక చూసి జాలిపడి, పిప్పరమింట్ల రేకు డబ్బాలో నాలుగు గమ్మీలు పెట్టి ఇచ్చాడు, సగానికి కోసుకుని తినమన్నాడు. నాకు కార్డు లేదు, డాక్టరు చెప్పలేదు, ఆ వస్తువు నాది కాదు. ఆ ఆరు నెలల్లో మూడు రాత్రులు తిన్నాను. మిగిలినది చెత్తబుట్టలో వేసి మేరీల్యాండ్ తిరిగి వచ్చాను, ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. గంజాయి అన్న మాటకు మన ఇళ్లలో ఎంత చెడ్డపేరుందో మీకు తెలియనిది కాదు. ఊళ్లో ఉన్న మా అమ్మకు తెలిస్తే కొడుకు చెడిపోయాడనుకుంటుందని భయపడ్డాను.

2017 వసంతంలో ఫారం నా ముందుకు వచ్చింది. ఒక మిత్రుడు, తాను ఏనాడూ ఆ ఫారం నింపనివాడు, ‘కాలిఫోర్నియాలో అది మామూలే, ఎవరికి తెలుస్తుంది, కాదు అని పెట్టేయండి’ అని సలహా ఇచ్చాడు. నేను కాదు అనే పెట్టాను. ఇది నేను చేసిన పెద్ద తప్పు. గమ్మీ తినడం దీని ముందు చిన్నది.

రెండో తప్పు, ఇక్కడ ఎవరికీ దగ్గర కాకపోవడం, అంతకు పద్దెనిమిదేళ్ల ముందే మొదలైంది. ఆ ఫారం, బంధువులు కాకుండా మిమ్మల్ని బాగా ఎరిగిన ముగ్గురి పేర్లు అడుగుతుంది, వాళ్లంతా కలిసి గడచిన ఏడేళ్ల మీ జీవితానికి సాక్ష్యం చెప్పగలగాలి. గడచిన మూడేళ్లలో మీరున్న ప్రతి ఇంటికీ, అక్కడ మిమ్మల్ని ఎరిగిన ఒక మనిషి పేరు కూడా రాయాలి. ఉగాదికి, సంక్రాంతికి కలిసే నాలుగు వందల మంది నాకు తెలుసు. కానీ నా గురించి ఒక ఇన్వెస్టిగేటర్ గంటసేపు ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పగలవారు ఎవరని వెతికితే ఇద్దరి దగ్గరే ఆగిపోయాను. పక్కింట్లో ఒక పెద్దావిడ పదకొండేళ్లుగా ఉంటోంది. మంచు పడినప్పుడు చేయి ఊపడం, చెత్తడబ్బాలు లోపలికి జరపడం తప్ప ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆ ఆదివారం డబ్బాలో సున్నుండలు పెట్టుకుని వెళ్లి, గుమ్మంలో నిలబడి ఆమె పేరు అడిగాను. ఆమెకు నా పేరు తెలుసు. మా అబ్బాయి పేరూ, వాడు బడికి ఏ బస్సు ఎక్కుతాడన్నదీ తెలుసు. ఆనాడు నాకు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

ఫారం మీద ఇన్వెస్టిగేటర్‌తో ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి నా భార్య పప్పుకు తిరగమోత పెడుతుండగా వెళ్లి సంగతంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆపి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, ‘అక్కడ అంత ఒంటరిగా ఉన్నానని ఒక్క ఫోనులోనైనా ఎందుకు చెప్పలేదు?’ అని అడిగింది. గంజాయి మాటే ఎత్తలేదు. మర్నాడు ఇన్వెస్టిగేటర్ ఎదుట కూర్చోగానే, ఆ అధికారిణి నోట్‌బుక్ తెరవకముందే, ఫారంలో నేను రాసిన ఒక జవాబు తప్పు అని, ఎన్నిసార్లు, ఎక్కడ, ఏ నెలల్లో అన్నది పూర్తిగా చెప్పాను. ఎవరూ నిలదీయకముందే తప్పు దిద్దుకోవడానికి మార్గదర్శకాలలో విలువ ఉందని నాకు తరువాత తెలిసింది. అప్పుడు ఆ రాత్రి నిద్రపట్టాలన్నది ఒక్కటే నా కోరిక.

ఆ తరువాత, క్లియరెన్స్ ఎందుకు ఇవ్వకూడదో కారణాలు చూపి జవాబు అడుగుతూ కాగితం వచ్చింది. జవాబు రాశాను. మళ్లీ వాడనని, వాడితే క్లియరెన్స్ రద్దు చేయవచ్చునని సంతకం చేసిన ప్రకటన ఇచ్చాను. పక్కింటి పెద్దావిడ తనంతట తానే ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. మొత్తం పదమూడు నెలలు పట్టింది. 2018లో క్లియరెన్స్ వచ్చింది. లాయరు ఖర్చు, మధ్యలో పోయిన జీతం పెంపు నన్ను అంతగా బాధించలేదు. ఇక్కడి వ్యవస్థతో ఎలా మాట్లాడాలో మనవాళ్లలో చెప్పేవారు లేకుండానే నెగ్గుకు వచ్చానని నాకు ఈనాటికీ గర్వంగా ఉంటుంది. మీ తరానికి సమాచారమంతా వేలికొసన ఉంది గాని, అడిగి తెలుసుకునే ఓర్పు మాత్రం కొంచెం తక్కువ, ఏమీ అనుకోకండి.

మీ విషయంలో నాకంటే ఒక సౌకర్యం ఉంది, మీరింకా ఏమీ రాయలేదు. చివరిసారి ఎప్పుడు వాడారో తేదీ రాసిపెట్టుకోండి. కార్డును, మిగిలిన గమ్మీలను వదిలించుకోండి. ఫిజికల్ థెరపీ, ఇంజెక్షన్ల వంటి వాటి గురించి డాక్టరును అడిగి ఆ రికార్డులు దాచుకోండి. సీబీడీ నూనెలను (గంజాయి జాతి మొక్క నుంచి తీసే, మత్తు ఇవ్వదనే నూనెలను) కూడా నమ్మకండి, వాటి చీటీ మీద ఏమి రాసి ఉన్నా లోపల మత్తు ఇచ్చే టీహెచ్‌సీ ఉంటే పరీక్షలో బయటపడవచ్చు. నాలుగు నెలల వాడకం ఈ మధ్యదే కనుక కొంత కాలం గడవనివ్వమని కంపెనీ సెక్యూరిటీ అధికారి అనవచ్చు. ఆ మాట విని నిరాశపడకండి. మీ భార్యకు ఇంకా గ్రీన్ కార్డే అన్నారు, ఆమెను ఆ గంజాయి అమ్మే డిస్పెన్సరీ ఛాయలకు కూడా పంపకండి. రాష్ట్ర చట్టం అనుమతించినా గంజాయి వ్యవహారం పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు అడ్డు రావచ్చునని 2019 ఏప్రిల్లో వలస శాఖ స్పష్టంగా చెప్పింది. హెచ్-1బీ మీద కొత్తగా వచ్చిన పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. రూమ్‌మేట్ ఇచ్చాడని సరదాకు తిన్నా, దాని ఫలితం వాళ్లకు మనకంటే భారంగా ఉంటుంది.

కార్డు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని మీరు చివరి వాక్యంలో రాశారు. ఇన్వెస్టిగేటర్‌కు నచ్చని రహస్యం ఇటువంటిదే, ఎందుకంటే భార్యకు తెలియకూడదనుకునే సంగతిని పట్టుకుని ఎవరైనా మిమ్మల్ని బెదిరించవచ్చునని వాళ్లు ఆలోచిస్తారు. నా ఆలోచన అంత దూరం కూడా పోదు. రాత్రి పదకొండింటికి భార్య పక్కగదిలో నిద్రపోతుంటే మీరు వంటింట్లో లైటు వేయకుండా ఆ డబ్బా తెరుస్తున్నారన్నదే నాకు దిగులుగా ఉంది. ఆమెకు ఈ రాత్రే చెప్పండి. ఆ తరువాత ఒక కాగితం తీసుకుని ముగ్గురి పేర్లు రాయడానికి ప్రయత్నించండి. నా పేరు రాస్తానంటే నేను ఒప్పుకోలేను, మిమ్మల్ని నేను ఎరగను. కానీ వచ్చే ఆదివారం నుంచి ఎరగడం మొదలుపెట్టవచ్చు. మా ఇల్లు మేరీల్యాండ్‌లోని లారెల్‌లోనే, మధ్యాహ్నం భోజనానికి మీరిద్దరూ రండి.