యూఎస్‌బీ టోకెన్‌తో ఇన్వాయిస్‌లు ఆటోమేటిక్‌గా సైన్ చేయించవచ్చా?

మీరు అడిగింది ఇదీ: డైరెక్టర్ గారి పేరు మీదున్న యూఎస్‌బీ టోకెన్‌తో (డిజిటల్ సంతకం సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) రోజూ రాత్రి ఇన్వాయిస్ పీడీఎఫ్‌లకు సంతకం పడాలి. మీరు కూర్చుని నడిపితే పడుతోంది, విండోస్ సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా) పెడితే ఆగిపోతోంది. హైదరాబాద్‌లో ఒక పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఫారం 16లు (ఉద్యోగులకిచ్చే టీడీఎస్ సర్టిఫికెట్లు) సైన్ చేసే భాగం నేను రాశాను. అక్కడ ఎదురైన వాటి నుంచే చెబుతున్నాను.

తప్పు మీ కోడ్‌లో లేదు. విస్టా నుంచి విండోస్ సర్వీసులు సెషన్ 0లో, అంటే యూజర్ తెరతో సంబంధం లేని సెషన్‌లో, విడిగా నడుస్తాయి. టోకెన్ డ్రైవర్ పిన్ అడిగే విండో అక్కడ తెరుచుకుంటుంది, అది ఎవరికీ కనపడదు, ప్రోగ్రామ్ అలాగే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌ని పక్కనపెట్టి, టోకెన్‌తో వచ్చే పీకేసీఎస్ 11 డీఎల్ఎల్‌ని (ప్రోగ్రామ్ టోకెన్‌తో నేరుగా మాట్లాడే లైబ్రరీ ఫైల్) నేరుగా వాడండి. జావాలో సన్ పీకేసీఎస్ 11 ప్రొవైడర్, పైథాన్‌లో పైహాంకో దీనికి పనికొస్తాయి. పిన్ మీ ప్రోగ్రామే ఇస్తుంది, విండో రాదు.

పిన్ తప్పైతే మాత్రం మళ్లీ ప్రయత్నించే లూప్ అస్సలు పెట్టకండి. వరుసగా కొన్ని సార్లు తప్పు పిన్ ఇస్తే టోకెన్ లాక్ అవుతుంది. చాలాసార్లు దాన్ని మొత్తం చెరిపి, కొత్త సర్టిఫికెట్ కొనుక్కోవాల్సి వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో సర్వర్‌లోకి వెళ్లి చూస్తే టోకెన్ లేనట్టే కనిపిస్తుంది, ఎందుకంటే విండోస్‌కి టోకెన్ ఒక స్మార్ట్ కార్డు లాంటిదే, ఆ సెషన్‌లో అది సర్వర్‌కి కాకుండా మీ ల్యాప్‌టాప్‌కి పెట్టిన కార్డుల కోసం వెతుకుతుంది. టోకెన్ పాడైందని టెన్షన్ పడకుండా, సర్వర్ దగ్గరికే వెళ్లి పరీక్షించండి.

ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే నాలుగు థ్రెడ్‌లు ఒకేసారి టోకెన్ మీద పడితే ఎర్రర్లు వస్తాయి. క్యూ పెట్టి, ఒక్క వర్కర్‌తోనే చేయించండి. టోకెన్‌లోకి వెళ్లేది పీడీఎఫ్ కాదు, దాని హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు) మాత్రమే, కాబట్టి ఫైల్ పెద్దదైనా టోకెన్ పని పెరగదు. మీ అప్లికేషన్ క్లౌడ్‌లో ఉన్నా ఇదే ఉపయోగపడుతుంది: ఆఫీసులో తాళం వేసిన గదిలోని చిన్న మెషీన్‌కి టోకెన్ పెట్టి, క్లౌడ్ నుంచి హ్యాష్ పంపి, సంతకం వెనక్కి తెప్పించుకోవచ్చు.

ఇక ముఖ్యమైన సంగతి. ఇదంతా కుదిరినా, డైరెక్టర్ గారి సొంత సర్టిఫికెట్‌తో చేయవద్దనే నా సలహా. ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీ తన అదుపులో ఉండేలా చూసుకునే బాధ్యత సర్టిఫికెట్ తీసుకున్న మనిషిది. అర్ధరాత్రి స్క్రిప్ట్ పెట్టిన ప్రతి సంతకానికీ ఆయనే జవాబుదారీ. అదే టోకెన్‌తో కంపెనీ రిటర్నులు కూడా ఫైల్ చేయవచ్చు, పిన్ ఏమో కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటుంది. ఆయనకు ఇది వివరంగా చెప్పి తీరాలి. ఇలాంటి పని కోసమే డాక్యుమెంట్ సైనర్ సర్టిఫికెట్ అని సంస్థ పేరు మీద ఇస్తారు. దాని కీ హెచ్‌ఎస్‌ఎంలో (కీలను భద్రంగా దాచి, సంతకాలు చేసే ప్రత్యేక పరికరం) ఉంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ రోజూ వందల్లో ఇన్వాయిస్‌లు ఉంటే అదే సరైన దారి. దానికంటే ముందు మీ ఆడిటర్‌ని ఒక మాట అడగండి: ఐటీ చట్టం ప్రకారం ఇచ్చే ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్‌కి సంతకం అక్కర్లేదని జీఎస్టీ 46వ రూల్‌లోనే ఉంది. సంతకం కావాల్సిందేనని కస్టమర్లు పట్టుబడితేనే మీకు ఈ పని ఉంటుంది.

ఏ దారిలో వెళ్లినా సంతకంతో పాటు టైమ్‌స్టాంప్ వేయించండి, రివోకేషన్ వివరాలు (సర్టిఫికెట్ అప్పటికి రద్దు కాలేదనే ఆధారం) కూడా పీడీఎఫ్‌లోనే పెట్టండి. లేకపోతే సర్టిఫికెట్ గడువు ముగిశాక, సంతకం గడువులోపే పడిందని చూపించడం కష్టమవుతుంది. రెన్యువల్ తర్వాత థంబ్‌ప్రింట్ (సర్టిఫికెట్‌ని గుర్తుపట్టే కోడ్) మారుతుంది కనుక దాన్ని కోడ్‌లో రాయకుండా సెట్టింగ్స్‌లో ఉంచండి. మీ టోకెన్ ఏ మోడలో, కోడ్ ఏ భాషలో ఉందో రాస్తే ప్రొవైడర్ కాన్ఫిగ్ ఎలా ఉండాలో చెబుతాను.